ఎల్లమందగారు కొయ్యాల్సిన రిబ్బను

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి. చెట్లున్నాయి, సెలయేరుంది, ఒక సభ ఉంది, సభకు అధ్యక్షుడున్నాడు, అధ్యక్షుడికి కార్యదర్శి ఉన్నాడు, కార్యదర్శి దగ్గర ఎవరూ చదవని అర్జీలు కుప్పలుగా ఉన్నాయి. లేనిదల్లా ఒకటే. రోడ్డుకు ఈ పక్కనున్నవాడు ప్రాణాలతో ఆ పక్కకు చేరే దారి.

ఆ రోడ్డు పేరు గిట్టలబాట. ముప్పై అడుగుల వెడల్పు. పొద్దున్నే అడవిదున్నలు, కణుజుదుప్పులు, పందులు అన్నీ ఆ బాట మీద ఉత్తరాన ఉన్న ఉప్పునేలకు ఉప్పు నాకడానికి పరుగెత్తేవి. సాయంత్రం అక్కణ్నుంచి మళ్లీ ఇళ్లకు పరుగెత్తేవి. మధ్యలో కూడా ఆలస్యమైనవాళ్ల పరుగు ఆగేది కాదు. ఉప్పునేల ఎక్కడికీ పారిపోదు. అయినా ఎవరో తరుముతున్నట్టు ఒకటే పరుగు. ఎందుకర్రా ఇంత తొందర అని అడుగుదామంటే ఎవరైనా ఆగితేగా!

ఆ బాటకు తూర్పున, ఇసుకనేలలో తాబేలు తిరపతమ్మ కాపురం. ఆవిడ కష్టమంతా ఆ బాటతోనే. గుడ్లు పెట్టడానికి తూర్పు పక్క ఇసుకే తగును, పడమట అంతా రాయి. నీళ్లకు పడమటి సెలయేరే గతి, తూర్పున చుక్క లేదు. తొలకరి వాన మట్టిని తడపగానే గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి. వచ్చిన పిల్ల ఎవరూ నేర్పకుండానే నీటివైపు నడక మొదలుపెడుతుంది. తల్లి పిలిచినా ఆగదు.

పోయిన ఏడు పదకొండు పిల్లలు పుట్టాయి. సెలయేరు చేరినవి రెండు. మిగతా తొమ్మిదీ సాయంత్రపు పరుగులో గిట్టల కింద పోయాయి. దున్నలకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. కాలి కింద ఏదో చిటుక్కుమందనుకుని ఉంటాయి. తిరపతమ్మ ఆ చిటుకులు తొమ్మిదీ గట్టున కూర్చుని విన్నది. తల డిప్పలోకి లాక్కుని మూడు రోజులు బయటికి తియ్యలేదు.

ఈ ఏడు తొమ్మిది గుడ్లు పెట్టింది. ఈసారి ఏడ్చే పని పెట్టుకోకూడదనుకుని మద్దిచెట్టు ఆకు మీద ఒక అర్జీ రాయించుకుంది. పూటంతా నడిచి సభ కార్యాలయానికి వెళ్లింది.

కార్యదర్శి నక్క నరహరి. ఆయన తల ఎత్తకుండానే, "ఏంటమ్మా?" అన్నాడు.

"గిట్టలబాట దాటడానికి ఏదన్నా ఏర్పాటు చెయ్యండి బాబూ. తొలకరికి నా తొమ్మిది గుడ్లూ పగిలి పిల్లలు పుడతాయి."

"అక్కడ రోజుకు ఎంతమంది దాటుతున్నారు?"

"ఎవరూ దాటటం లేదు బాబూ. దాటితే చస్తామని భయం."

నరహరి ముఖం వెలిగింది. "చూశారా మరి! దాటేవాళ్లే లేనిచోట దాటడానికి ఏర్పాటేమిటమ్మా? రోజుకు వందమంది దాటుతున్నట్టు తేలితే అప్పుడిస్తాం. అదీ నిబంధన."

"వందమంది దాటగలిగితే నేనింత దూరం ఎందుకొస్తాను బాబూ?"

"నన్నేం చెయ్యమంటారు? నిబంధన రాసింది నేనా?" అన్నాడు నరహరి. రాసింది ఆయనే. కానీ ఆ సంగతి ఆయన ఎప్పుడో మరిచిపోయాడు.

తిరపతమ్మ కదలకుండా కూర్చుంది. కదలకుండా కూర్చోవడంలో ఆవిడను మించినవాళ్లు ఆ అడవిలో లేరు. నరహరికి విసుగొచ్చి ఇంకో ఆకు తీశాడు.

"ఇంకో దారి ఉంది. ఒకేచోట పదిమంది పోతే దాన్ని ప్రమాదస్థలం అంటాం. అప్పుడు తప్పకుండా ఇస్తాం."

"పోయిన ఏడు నా పిల్లలే తొమ్మిది మంది పోయారు."

"పిల్లలా? పిల్లలు అరలెక్కమ్మా. తొమ్మిది అరలు నాలుగున్నర."

నరహరి ఉత్సాహంగా వేళ్లు మడిచాడు. "ఈ ఏడు తొమ్మిది గుడ్లున్నాయన్నారుగా? అట్లా జరక్కూడదనుకోండి, జరిగితే మాత్రం ఇంకో నాలుగున్నర. వెరసి తొమ్మిది. ఇంక ఒక్కటే తక్కువ! ధైర్యంగా ఉండండి. దగ్గరికొచ్చేశారు."

ఆవిడకు ఆయన్ను కరవాలనిపించింది. కానీ తాబేళ్లది పళ్లు లేని జాతి. అర్జీ అక్కడ పెట్టి ఇంటిదారి పట్టింది.

అట్లా తిరపతమ్మ కన్నీళ్లకు కదలని అర్జీ ఎలుగుబంటి ఆవులింతకు కదిలింది. ఎట్లాగంటారా?

సభాధ్యక్షుడు ఎలుగుబంటి ఎల్లమంద. ఆయనకు తేనె కన్నా ఇష్టమైనది లోకంలో ఒక్కటే, రిబ్బను కొయ్యటం. అందుకోసం సభ ఒక పీతను ఉద్యోగంలో పెట్టుకుంది. దాన్ని తామరాకులో పెట్టి మోసుకొస్తారు. ఎల్లమందగారు దాన్ని నడుం దగ్గర పట్టుకుని రిబ్బను మీద పెడతారు. అది కొరుకుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. చెలమలు ప్రారంభించాడు, చెదలపుట్టలు ప్రారంభించాడు, గాలికి కూలిన చెట్టును కూడా ఒకసారి 'విశ్రాంతి స్థలం' అని ప్రారంభించాడు. అట్లాంటిది, మూడు నెలలుగా కొయ్యటానికి ఏమీ దొరకలేదు. తిండి సయించడం లేదు. పీతకు కూడా చేతులు పట్టేశాయి.

"నరహరీ, ఏమీ లేవా?" అని ఎల్లమందగారు ఆవులించాడు.

అధ్యక్షుడి ఆవులింత అంటే కార్యదర్శి ఉద్యోగానికి ముప్పు. నరహరి గబగబా అర్జీల కుప్పలో చెయ్యి పెట్టాడు. చేతికొచ్చింది తిరపతమ్మది.

"ఉందండీ! గిట్టలబాట దాటే ఏర్పాటు. ప్రమాదస్థలం కావడానికి ఇంకా ఐదున్నర తక్కువండీ, కానీ తమరు తలుచుకుంటే..."

"తలుచుకున్నాను," అన్నాడు ఎల్లమంద.

అడవిలో కట్టుబడి పనులన్నీ చేసేది కొండముచ్చు కోటయ్య. పట్నం చూసొచ్చినవాడు కాబట్టి ఆయన మాటకు విలువెక్కువ. పిలిపించారు.

"పట్నంలో రోడ్డు దాటేవాళ్లకోసం ఏం చేస్తారయ్యా?"

"రోడ్డుకు అడ్డంగా తెల్ల చారలు గీస్తారండి."

"చారలు చూసి బళ్లు ఆగుతాయా?"

"ఆగవండి."

"మరెందుకు గీస్తారు?"

కోటయ్య తోక గోక్కుంటూ ఆలోచించాడు. "గీశామని చెప్పడానికండి."

"బ్రహ్మాండం," అన్నాడు ఎల్లమంద. "మనమూ గీద్దాం."

కోటయ్య తెల్లసుద్ద తెచ్చి గిట్టలబాట మీద ఈ పక్కనుంచి ఆ పక్కదాకా ఇంతింత లావున చారలు గీశాడు. తిరపతమ్మ గట్టున కూర్చుని చూసి సంబరపడింది. మర్నాడు పొద్దున ఆ చారల మీద ఒక కాలు పెట్టింది. అంతలో దున్నల మంద దుమ్ము రేపుకుంటూ వచ్చింది. కాలు వెనక్కి లాక్కోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే నరహరి లెక్కకు నిండుగా ఒకటి కలిసేది. మంద వెళ్లాక చూస్తే సగం చారలు లేవు. గిట్టలకు అంటుకుని ఉప్పునేలకు వెళ్లిపోయాయి.

మందకు పెద్ద అయిన దున్న దుర్గయ్యను ఎవరో అడిగారట, చారలు చూడలేదా అని. "చూశాం. ఎవరో ముగ్గేశారనుకున్నాం. చానా బాగుంది," అన్నాడట.

తిరపతమ్మ మళ్లీ పూట నడిచి నరహరి దగ్గరికెళ్లింది.

"ఎవరూ ఆగటం లేదు బాబూ."

"ఇంకా ప్రారంభం కాలేదుగా అమ్మా, ఎట్లా ఆగుతారు?" అన్నాడు నరహరి. "గురువారం అధ్యక్షులవారు వచ్చి రిబ్బను కోస్తారు. ఆ తరవాత చూడండి."

ఇక రిబ్బను సంగతి. చారల మొదట్లో, గట్టు మీద రెండు పొదల మధ్య నాలుగడుగుల రిబ్బను కడితే సరిపోయేది. కోటయ్య కూడా అంతే కోసుకొచ్చాడు. ఎల్లమందగారు దాన్ని చూసి మూతి ముడిచాడు.

"నాకు ముందున్న అధ్యక్షుడు కోసిన రిబ్బను ఎంత పొడుగయ్యా?"

"పన్నెండడుగులండి."

"నాది ముప్పై అడుగులుండాలి."

పెద్దాయన మాట. కోటయ్య ముప్పై అడుగుల అడవితీగ తెచ్చి, దానికి పచ్చటి రేలపూలు గుచ్చాడు. తీరా కట్టబోతే గట్టు మీద అంత జాగా ఏది? అటు చూశాడు, ఇటు చూశాడు. సరిగ్గా ముప్పై అడుగులుండేది ఒక్క గిట్టలబాటే. ఈ గట్టు మీద టేకుచెట్టుకో కొస, ఆ గట్టు మీద టేకుచెట్టుకో కొస, గురువారం సాయంత్రం మంద ఇళ్లకు వెళ్లగానే రోడ్డుకు అడ్డంగా, చారల పొడుగునా కట్టేశాడు. తన చేతికందిన ఎత్తులో కట్టాడు. అది దున్నకు సరిగ్గా గుండెల దగ్గరికొచ్చింది.

ఆ అడవిలో హత్యకైనా క్షమాపణ ఉందేమో గాని రిబ్బనుకు లేదు. అధ్యక్షుడు కొయ్యకముందే రిబ్బను తెంపినవాడికి ఏడాదిపాటు ఉప్పు బందు. వెనకటికి ఒక పంది దాహమై చెలమ దగ్గరికి పరుగెత్తి, చూసుకోక రిబ్బను తెంపుకుని పోయింది. ఏడాదంతా అది చప్పిడి గడ్డలు తింటూ అందరి కాళ్లూ పట్టుకు తిరిగింది. ఆ సంగతి చిన్నా పెద్దా అందరికీ గుర్తే.

ముహూర్తం వేళ అయింది. ఎల్లమందగారు రాలేదు. దారిలో ఒక తేనెపట్టు కనిపించింది. "ఇతర ముఖ్య కార్యక్రమాల వల్ల" ప్రారంభోత్సవం వాయిదా పడిందని నరహరి చాటింపు వేయించాడు. పీతను ఇంటికి పంపేశారు. రిబ్బను మాత్రం విప్పలేదు.

శుక్రవారం పొద్దున తిరపతమ్మ గట్టున కూర్చుని ఉంది. దక్షిణం నుంచి మంద రావడం నేల అదురుకే తెలిసింది. ఆవిడ అలవాటుగా తల లోపలికి లాక్కుంది. అదురు దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది, ఆగిపోయింది.

ఆగిపోవడమేమిటి? తిరపతమ్మ తల బయటపెట్టి చూసింది. రిబ్బనుకు అడుగు దూరంలో దుర్గయ్య నాలుగు కాళ్లూ తన్నిపెట్టి నిలబడి ఉన్నాడు. వెనక వందకు పైగా జంతువులు ఒకదాన్నొకటి గుద్దుకుని నిలబడి ఉన్నాయి.

"ఏంది నిలబెట్టావు?" అని వెనకనుంచి అరిచారు.

"రిబ్బనురా! ఎల్లమందగారు కొయ్యాల్సింది! ఎవరూ తగలమాకండి!"

"తగలమాకండి, తగలమాకండి," అని మాట చివరిదాకా పాకింది.

దూకుదామంటే గిట్ట తగులుతుందేమో. చుట్టూ పోదామంటే రెండు పక్కలా గట్టు. చివరికి దుర్గయ్య ముందరి కాళ్లు మడిచి, తల నేలకు వంచి, కొమ్ములు పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టి రిబ్బను కిందుగా మెల్లగా జరిగాడు. తరవాత ఇంకోటి. తరవాత ఇంకోటి. కణుజుల అవస్థ చెప్పనలవి కాదు, కొమ్ముల్లో కొమ్మకొమ్మనూ తగలకుండా తప్పించుకోవాలి. అంతటి మంద ఒక్కొక్కటిగా తల వంచి పోతూ ఉంటే, ఆ సందుల్లోంచి ముందు ఒక ముంగిస దాటింది. తరవాత ఉడతలు దాటాయి. రెండేళ్లుగా పడమటి పక్క చిక్కుకుపోయిన ఒక ముళ్లపంది తన చెల్లెలిని చూడ్డానికి తూర్పుకొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు.

దుర్గయ్య ఇంకా రిబ్బను కింద దూరుతుండగానే తిరపతమ్మ కూడా చారల మీద నడక మొదలుపెట్టింది. నడి రోడ్డులో దుర్గయ్య ముఖం ఆవిడ ముఖానికి ఎదురుపడింది. మోకాళ్ల మీద ఉన్నాడు కాబట్టి ఇద్దరూ దాదాపు ఒకే ఎత్తున ఉన్నారు.

"ఎవరవ్వా నువ్వు? కొత్తగా వచ్చావా?" అన్నాడు.

"కొత్తేంటి నాయనా, అరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను."

"ఎప్పుడూ కనపళ్లేదే?"

"నువ్వెప్పుడన్నా కిందికి చూశావా?" అంది తిరపతమ్మ. ఊరుకుందామనుకుంది గాని ఊరుకోలేకపోయింది. "పోయిన తొలకరికి సాయంత్రం పూట నీ కాళ్ల కింద చిటుక్కుమనలేదూ?"

దుర్గయ్య గుర్తు తెచ్చుకున్నాడు. "అవును. ఎండుకాయలనుకున్నా."

"నా పిల్లలు. తొమ్మిది మంది."

వెనకవాళ్లు తోస్తున్నా దుర్గయ్య కాసేపు అట్లాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు. ఆనాటి నుంచి ఆయన ఆ చోటికి రాగానే తల వంచడం కన్నా ముందు నేల చూసేవాడు.

అసలు కిటుకు తిరపతమ్మకు అప్పుడు అర్థమైంది. ఆపింది చారలు కావు, రిబ్బను. రిబ్బను ఉన్నన్నాళ్లే ఈ భాగ్యం. ఎల్లమందగారు వచ్చి కోశాడా, మళ్లీ పాత గిట్టలే. తొలకరికి ఇంకా పదిహేను రోజులుంది. ఈ ప్రారంభోత్సవం కోసం కాళ్లరిగేలా తిరిగిన మనిషి, దాన్ని ఆపడం కోసం ఆ మధ్యాహ్నమే మళ్లీ నడక మొదలుపెట్టింది.

"ఎల్లుండి ముహూర్తం పెట్టామమ్మా," అన్నాడు నరహరి, ఆవిడను చూడగానే.

"సంతోషం బాబూ. శిలాఫలకం సిద్ధమైనట్టేనా?"

"శిలాఫలకమా?"

"అదేంటి బాబూ, రిబ్బను ఆయన కోసేస్తారు, పూలు వాడిపోతాయి. రేపు ఆయన పేరు చెప్పడానికి అక్కడ ఏముంటుంది? నాకెందుకులెండి, ముసలిదాన్ని."

నరహరి చెమటలు తుడుచుకుని ముహూర్తం రద్దు చేశాడు. కోటయ్య నల్లరాయి తెచ్చాడు. అధ్యక్షుడి పేరు పైన. సరే. దాని కింద 'పర్యవేక్షణ: నరహరి' అని ఉండాలన్నాడు నరహరి. పర్యవేక్షించిందెవరు, గీసింది నేనైతే, నా పేరే ముందుండాలన్నాడు కోటయ్య. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. మధ్యవర్తిగా ముళ్లపందిని పిలిస్తే అది, అర్జీ పెట్టిన తిరపతమ్మ పేరుండాలి కదా అంది. అప్పుడు మాత్రం ఇద్దరూ ఒక్కటై దాన్ని తరిమారు. ఆ తగువులో ఎనిమిది రోజులు గడిచాయి.

తొమ్మిదో రోజున తిరపతమ్మ మళ్లీ వెళ్లింది. "అంతా బాగుంది బాబూ. ఒక్క సందేహం. అధ్యక్షులవారు ఉత్తరం పక్క నిలబడి కోస్తే ముఖం దక్షిణానికి ఉంటుందేమో?"

దక్షిణమంటే యముడి దిక్కు. ఎల్లమందగారు వినీ వినగానే మంచమెక్కాడు. దక్షిణం పక్క నిలబడి ఉత్తరముఖంగా కోసేట్టు మళ్లీ ఏర్పాట్లు మార్చేసరికి ఇంకో ఐదు రోజులు పోయాయి. చుట్టుపక్కల చిన్న జీవాలన్నీ ఈ లోపల రోడ్డు దాటి పెళ్లిళ్లు చేసుకున్నాయి, పేరంటాలకు వెళ్లాయి. దాటనిది తిరపతమ్మ పిల్లలే, అవింకా గుడ్లలో ఉన్నాయి.

పదిహేనో రోజున ఆవిడ దగ్గర ఉపాయాలన్నీ అయిపోయాయి. ఆ సాయంత్రమే ప్రారంభోత్సవం. జనం లేరని అధ్యక్షుడు చిన్నబుచ్చుకోకుండా, మంద ఉప్పునేల నుంచి తిరిగొచ్చే వేళకే నరహరి సమయం కుదిర్చాడు. దుర్గయ్యను ముఖ్య అతిథిని చేశాడు. రిబ్బనుకు ఉత్తరాన మంద మొత్తం నిలబడింది. దక్షిణాన ఎల్లమందగారు, ఆయన పక్కన ముఖ్య అతిథి, తామరాకులో పీత. గట్టున నల్లరాయి. చాలా కళగా ఉంది.

ఆకాశం కూడా అప్పుడే నల్లబడింది. మొదటి చినుకు తిరపతమ్మ డిప్ప మీద పడింది. వెనక్కి తిరిగి చూస్తే ఇసుక కదులుతోంది. ఉసిరికాయంత పిల్ల ఒకటి మట్టి దులుపుకుని బయటికొచ్చి, తల్లి వంక కూడా చూడకుండా పడమటికి నడక పెట్టింది. దాని వెనక ఇంకోటి.

వాన మొదలైందని మందకు తొందర పుట్టింది. "కొయ్యండయ్యా, కొయ్యండి, తడుస్తున్నాం," అని గిట్టలు నేలకేసి కొడుతున్నాయి. కోస్తే నాలుగు వందల గిట్టలు ఒక్కసారిగా దూకుతాయి. మొదటి పిల్ల అప్పటికే చారల మీద ఉంది. ఎల్లమందగారు పీతను చేతిలోకి తీసుకున్నాడు.

తిరపతమ్మ తన అరవై ఏళ్ల జీవితంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది.

"అయ్యగారూ! రెండు ముక్కలు మాట్లాడి కొయ్యండి!"

ఎల్లమందగారి చెయ్యి ఆగిపోయింది. కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో ఆయన్ను మాట్లాడమని ఎవరైనా తమంతట తాము అడగడం అదే మొదలు. పీతను ఆకులో పెట్టేసి గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! నేను చిన్నప్పుడు, మా అమ్మ నన్ను వీపున ఎక్కించుకుని..."

మందంతా మూలిగింది. తిరపతమ్మ మాత్రం ఆ మాటలు మంత్రాలు విన్నట్టు విన్నది. ఎల్లమందగారు బాల్యంలో ఉండగా మొదటి పిల్ల ఆవలి గట్టు చేరింది. యవ్వనంలోకి వచ్చేసరికి నాలుగు చేరాయి. మొదటిసారి సభకు ఎన్నికైన ఘట్టంలో ఆరూ ఏడూ చేరాయి. "ఇంతటితో నా ప్రసంగం ముగిస్తున్నాను," అన్నాడాయన. అంటే ఇంకా సగం ఉందని అందరికీ తెలుసు. ఆ సగంలో ఎనిమిదోది కూడా దాటింది.

తొమ్మిదోది ఉంది చూశారూ, అది అదో రకం. నడిరోడ్డు దాకా చక్కగా నడిచొచ్చి, ఎల్లమందగారి కడుపు కింద చినుకు పడకపోవడం చూసి అక్కడే ఆగిపోయింది. కాళ్లు చాపుకుని కూర్చుంది. పిలిస్తే రాదు. వెళ్లి తోద్దామంటే తిరపతమ్మ నడకకు చేరేదెప్పటికి?

"జై అడవి!" అని ఎల్లమందగారు ముగించాడు. ఈసారి నిజంగానే ముగించాడు. పీత చేతులు చాచింది.

"ఆగండయ్యా!" అన్నాడు దుర్గయ్య. ఆయన నేలకేసి చూస్తున్నాడు. "ముఖ్య అతిథిని మాట్లాడనియ్యరా?"

అందరూ నోళ్లు తెరిచారు. దుర్గయ్య ఏ సభలోనూ పెదవి విప్పినవాడు కాదు. నరహరి, "రెండు మాటలేనా?" అన్నాడు అనుమానంగా.

"అందరికీ నమస్కారం," అన్నాడు దుర్గయ్య. ఆగాడు. "నేను చెప్పేదేందంటే..." మళ్లీ ఆగాడు. ముక్కు కిందికి దించి, మాట వెతుక్కుంటున్నట్టు నేల మీద మెల్లగా ఊదాడు. తొమ్మిదో పిల్ల గాలికి ఒక అంగ ముందుకు జరిగింది. "ఏందంటే... అసలు నేను చెప్పొచ్చేదేందంటే..." మళ్లీ ఊదాడు. ఇంకో అంగ. మంద విసుగుతో అరుస్తోంది. దుర్గయ్య నమస్కారం తప్ప ఒక్క మాటా చెప్పకుండా, ఊదుకుంటూ ఊదుకుంటూ పిల్లను ఆవలి గట్టుదాకా దిగబెట్టాడు. అది సెలయేట్లోకి జారిన చప్పుడు విన్నాక తలెత్తాడు.

"చెప్పేదేం లేదు. సెలవు," అన్నాడు.

తిరపతమ్మ గట్టున కూర్చుని బాహాటంగా ఏడ్చింది. తల లోపలికి లాక్కోలేదు.

ఇక ఎల్లమందగారు పీతను రిబ్బను మీద పెట్టాడు. కిటుక్కుమంది. చప్పట్లు కొడదామని నరహరి చేతులెత్తాడు. ఆ చేతులు కలవకముందే అంతసేపు వానలో నిలబడి ఉపన్యాసాలు విన్న మంద ఒక్కసారిగా దూకింది.

"చారలు! చారల మీదున్నానర్రా! ఆగండి!" అని ఎల్లమందగారు కేకలు వేశాడు. ఏ చారలు? సుద్ద గీతలు వానకు ఎప్పుడో కొట్టుకుపోయాయి. ఆ అడవిలో ఆ ఏర్పాటు మీద రోడ్డు దాటబోయిన మొట్టమొదటి పాదచారి ఆయనే. అటు పరుగెత్తాడు, ఇటు పరుగెత్తాడు, చివరికి పీతతో సహా టేకుచెట్టెక్కాడు. నల్లరాయి నాలుగు ముక్కలైంది. నరహరి తోక సగం గిట్టలబాట మీదే ఉండిపోయింది.

దుమ్ము తగ్గాక తిరపతమ్మ మెల్లగా నరహరి దగ్గరికి నడిచింది. ఆయన మిగిలిన తోకను పట్టుకుని మూలుగుతున్నాడు.

"అమ్మా, ఇదేదో వెంటనే చెయ్యాలమ్మా. ఇది ప్రమాదస్థలం!"

"సగం తోక ఎంత లెక్కలోకి వస్తుందో చూడాలి బాబూ," అంది తిరపతమ్మ. "పావు వేసుకున్నా, మా నాలుగున్నరతో కలిపి నాలుగూ ముప్పావు. ధైర్యంగా ఉండండి. దగ్గరికొచ్చేశాం."

చెట్టు మీంచి ఎల్లమందగారు అరిచాడు. "ఆ రిబ్బను మళ్లీ కట్టండి! ముందు కట్టండి! అప్పటిదాకా నేను దిగను!"

"ఒకసారి ప్రారంభమైనదానికి మళ్లీ రిబ్బను కట్టే నిబంధన లేదండీ," అని ఏడ్చాడు నరహరి.

"పునఃప్రారంభం అని రాయండి బాబూ," అంది తిరపతమ్మ. "తేదీ మాత్రం వెయ్యకండి."

కోటయ్య కొత్త తీగ తెచ్చి, రేలపూలు గుచ్చి, సరిగ్గా అంతే ఎత్తులో కట్టాడు. పక్కన 'త్వరలో పునఃప్రారంభం' అని పలక పెట్టారు. ఎల్లమందగారు దిగాడు. మర్నాడు పొద్దున దుర్గయ్య మంద వచ్చి, ఆగి, ఒక్కొక్కటిగా తల వంచి రిబ్బను కిందుగా వెళ్లింది. పూలు వాడినప్పుడల్లా తిరపతమ్మే కొత్తవి గుచ్చించేది.

ఇప్పుడా అడవిలో బాట బాటకూ అట్లాంటి రిబ్బనులున్నాయి. వాటికోసం చిన్న జీవాలు పెట్టుకునే అర్జీల్లో ఒకటే మాట ఉంటుందట: 'మాకూ ఒకటి కట్టించి, తమరు రాకుండా దయచూడగలరు.'

నీతి: మీ ఊళ్లో ఏదైనా మంచి పని పూర్తయితే, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ప్రారంభించనివ్వకండి.